ఎనభై దాటితే

బండి ఎనభై దాటితే చాలు, వెనక ఎక్కడో దడదడ మొదలై బండంతా వణికిపోతోంది. మొన్నటిదాకా లేదు, ఈ వారమే వచ్చింది. స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాడికి అది ఎక్కణ్ణుంచో తెలియడం లేదు. అందుకని హవానాలో పాత కారున్న వాళ్లంతా చేసేదే మేమూ చేశాం. ఒకరు నడపాలి, ఒకరు డిక్కీలో పడుకుని వినాలి.

"నీవి పాము చెవులు మిర్తా, నువ్వే ఎక్కు," అన్నాడు మా ఆయన ఓస్నియెల్, పానా నా చేతికిస్తూ. "ఎడమ చక్రమైతే ఒక్క దెబ్బ, కుడిదైతే రెండు. ప్రమాదమనిపిస్తే ఆపకుండా బాదు. వెంటనే ఆపి మూత తీస్తా."

ఆ మూత బయటి నుంచే తెరుచుకుంటుంది.

సముద్రం పక్క రోడ్డెక్కి వేగమందుకోగానే జబ్బు దొరికింది. ఎడమ చక్రం నట్లు వదులైపోయాయి. ఏ క్షణానైనా చక్రం ఊడేలా ఉంది. ఆపకుండా బాదాను.

బండి ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. తెరుచుకున్నది మాత్రం పక్క తలుపు. రోడ్డు మీద ఎవరో చెయ్యెత్తి ఉంటారు. చెయ్యెత్తిన మనిషిని వదిలిపోవడం మా ఊరి డ్రైవర్ల జన్మలో లేదు. సీటు కిర్రుమంది, బండి మళ్లీ కదిలింది.

ఇంకా గట్టిగా బాదాను.

"వెనక ఆ మోతేంటి నాయనా?" అంది ఎవరో పెద్దావిడ.

"పాత బండి కదా పెద్దమ్మా!" ఓస్నియెల్ నవ్వాడు. "పదిహేనేళ్లుగా వింటున్నా. పట్టించుకోకపోతే అదే ఆగిపోద్ది."

మా పెళ్లయి పదిహేనేళ్లు.

పానా కింద పెట్టేశాను. ఎడమ చక్రం మాత్రం ఇంకా కొట్టుకుంటూనే ఉంది.