గొడ్రాలికి పక్క మాట

"గొడ్డుకి 'ఆలు' చేరి గొడ్రాలు అయింది. ఆలంటే ఆడది," అన్నాడు నిఘంటువు రాస్తున్న భర్త, తలెత్తకుండా.

అతను రాసిన మాటల చీటీలకు సాఫు ప్రతి రాస్తున్న భార్య కలం ఆపింది. "మరి మగవాడికి?"

"మాట లేదు. ఎవరికీ అవసరం పడలేదు."

"నిన్న పాత నిఘంటువులో గొడ్రాలు వెతికితే ఇది దొరికింది."

ఆమె బల్ల మీద పెట్టింది ఎనిమిదేళ్ల నాటి ల్యాబ్ రిపోర్టు. పిల్లలు కలగకపోవడానికి లోపం అతనిదేనని అందులో ఉంది.

అతను తలెత్తాడు. "ఆ మాట జోలికి నువ్వు పోవనుకుని, ఆ పేజీలో పెట్టాను."

"అత్తయ్య నన్ను రోజూ ఆ మాటే అంటుంటే, ఇక్కడే కూర్చుని విన్నారుగా!"



ఆమె ఖాళీ చీటీ ఒకటి అతని ముందుకు జరిపింది.

"మగవాడికి మాట మీరే రాయండి. అత్తయ్యకి నేను చదివి వినిపిస్తాను."