సత్తెమ్మ బర్రె

"బర్రె ఎట్లున్నది సత్తెమ్మా?"

గౌలిపుర క్లినిక్‌లో డాక్టర్ రామ్‌చందర్ ఆ పొద్దున వేసిన మొదటి ప్రశ్న అది.

బెంచీ మీదున్న వెంకట్రావు మొహం చిట్లించాడు.

"మనుషుల డాక్టరా, పశువుల డాక్టరా?" అన్నాడు పక్కనున్న భార్యతో.

కమలకుమారి పలకలేదు. పురిట్లోనే బిడ్డ పోయినప్పటినుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడటం లేదు. పెద్ద ఆసుపత్రుల మందులు నిద్రనిచ్చాయి గానీ మాటనివ్వలేదు.

ఇంటి ఓనరు పోరు పడలేక వెంకట్రావు ఆమెను ఇక్కడికి తీసుకొచ్చాడు. ఆయనది గుంటూరు. నయాపూల్ దగ్గర ఆఫీసులో సూపరింటెండెంటు. పేడవాసన కొట్టే సందులో చదువుకున్నవాడెవడైనా క్లినిక్ పెడతాడా అని ఆయన అనుమానం.

"మేత ముడ్తలేదు సాబ్," అంది సత్తెమ్మ.

"పంటున్నదా?"

"యాడ పంటది? తెల్లారేదాక నిలవడే ఉంటది."

"నేనొచ్చి జోలపాట పాడాల్నా?"

"వద్దు సాబ్! మీ పాటకు పలుపు తెంపుకొని ఉరుకుతది!"

గదంతా గొల్లుమంది.

డాక్టర్ నవ్వుతూనే సత్తెమ్మ నాడి చూశాడు. గోళీలు ఆమె చేతిలో పెట్టాడు.

"ఇవి నువ్వు ఏసుకో. బర్రెను నేను అడిగిన్నని చెప్పు."

"బర్రెకు జబ్బు, మనిషికి మందు! ఆహా, ఏం వైద్యం!" వెంకట్రావు పైకే అన్నాడు.

డాక్టర్ పట్టించుకోలేదు. కుర్చీని కమలకుమారి ముందుకు జరుపుకున్నాడు.

"మీ ఇంట్ల ఏమున్నదమ్మా? బర్రెనా, ఆవా?"

ఆమె భర్తవైపు ఓరగా చూసింది. పెదవులు కదిలాయి.

"ఎద్దు."

గది మళ్ళీ గొల్లుమంది. ఈసారి డాక్టర్ నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పొడుస్తదా అమ్మా?" అన్నాడు మెల్లగా.

వెంకట్రావు దిగ్గున లేచాడు.

"పదిమందిలో నా భార్య చేత నన్ను ఎద్దనిపిస్తావా? నువ్వు డాక్టరువి కాదయ్యా, సర్కస్ బఫూన్‌వి!"

"సార్, కోపం తర్వాత. అమ్మ మాట్లాడింది, విన్నరా?"

ఆయన వినలేదు. భార్య చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయాడు.

ఇంటికెళ్ళాక కమలకుమారి మళ్ళీ నోరు విప్పలేదు.

ఆఫీసులో మాత్రం వెంకట్రావుకి మంచి కాలక్షేపం దొరికింది. బర్రెకు జోలపాట పాడే డాక్టరు గురించి నెలల తరబడి చెప్పి నవ్వించాడు. నోరు విప్పని భార్య అన్న ఆ ఎద్దు మాట కూడా దాచలేదు. డాక్టరు ఎంత తలతిక్క మనిషో తెలియాలిగా!

ఒకరోజు కొత్తగా చేరిన సుచరిత అది విని నవ్వలేదు.

"అయితే మేడమ్ ఆరోజు మాట్లాడారన్నమాట!" అంది.

వెంకట్రావు నవ్వు సగంలో ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే భార్యను స్కూటరెక్కించుకుని గౌలిపుర వెళ్ళాడు.

క్లినిక్ షట్టర్ దించి ఉంది. దానికి డాక్టర్ ఫోటో, వాడిన పూలదండ. మెట్టు మీద సత్తెమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

"సాబ్ పోయిండు సారూ. గుండెపోటు."

వెంకట్రావుకి కోపమొచ్చింది. ఎవరిమీదో తెలియలేదు.

"అయితే ఇక నీ బర్రెను ఎవరు చూస్తారు?" స్కూటర్ ఇంజను ఆపకుండానే వెటకారంగా అడిగాడు.

సత్తెమ్మ తలెత్తి చూసింది.

"నాకు బర్రె ఏడిది సారూ? నా కొడుకు సచ్చిపోయిన ఏడే అన్నీ అమ్మేసిన. 'నువ్వెట్లున్నవ్' అని ఎవరడిగినా నాకు నోరు రాకపోతుండె. గందుకే సాబ్ బర్రెనడిగెటోడు."

వెంకట్రావు ఇంజను ఆపేశాడు.

కమలకుమారి దిగింది. మెట్టు మీద సత్తెమ్మ పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఈ పూట మేత ముట్టిందా?"