రెండో మెరుపు

రామతులసి ఐదేళ్ల కష్టం ఆ పూటతో తేలిపోవాలి. బొంబాయి నుంచి వచ్చిన ఎగ్జామినరు రాజమండ్రి కాలేజీ చీకటిగదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మాటలొద్దు, యంత్రంలోనే చూపించమన్నాడు.

ఆమె చేసే పని చెప్పుకోవడానికి తేలికే. సబ్బునీళ్లలో రంగు చుక్క కలిపి, దానిమీద దీపం తటాలున వెలిగించి ఆర్పేస్తే, రంగు ఇంకాసేపు మెరుస్తుంది. కాసేపంటే సెకనులో వందకోట్లవ వంతు లెక్కన. సబ్బు కట్టే కంటికానని గూళ్లలో దూరిన రంగు ఎంతసేపు మెరుస్తుందో ఆ చదువు చదివిన వాళ్లందరికీ తెలుసు. రామతులసికి మాత్రం దాని వెనకే ఇంకో మెరుపు దొరికింది. నింపాదిగా ఆరేది. ఎక్కడా ఎవరికీ దొరకనిది. డాక్టరేటూ, లెక్చరర్ ఉద్యోగమూ ఆ రెండో మెరుపు మీదే ఉన్నాయి.

వేరే సబ్బు ఆవగింజంత తగిలినా లెక్క తప్పుతుందని, రంగునీళ్లు పోసే చిన్న క్వార్ట్జ్ గాజు సెల్లును ఆసిడ్‌తోనే కడగాలని అటెండరు చిట్టియ్యకు మొదటిరోజే చెప్పింది. ఆయన దాన్ని చంటిపిల్లలా చూసుకున్నాడు. నెలకో ఆసిడ్ సీసా ఖాళీ అయ్యేది. సెల్లులో ఉత్త నీళ్లు పోసి చూస్తే ఏ మెరుపూ ఉండేది కాదు. అంత శుభ్రం.

ఇవాళ మాత్రం ఆమెకు చెయ్యి ఊరుకోలేదు. తనే ఆసిడ్ పోసి కడిగింది.

గంట గడిచింది. మొదటి మెరుపు వచ్చింది. రెండోది రాలేదు. మళ్లీ కడిగింది, మళ్లీ పెట్టింది. ఊహూఁ.

“లేనిదాన్ని ఐదేళ్లు ఎలా కొలిచావమ్మా?” అన్నాడు ఎగ్జామినరు.

ఆయన ఆమె థీసిస్‌ను బల్లమీదే వదిలేసి లేచాడు. గైడు నాగేశ్వరప్రసాద్‌గారు ఆమె మొహమైనా చూడకుండా ఆయన వెంట స్టేషనుకు వెళ్లిపోయారు. ఐదేళ్లూ గోదాట్లో కలిశాయి.

వరండాలో కూలబడిన ఆమెకు చిట్టియ్య మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఏం పొరపాటు చేశానో తెలియట్లేదని వెక్కివెక్కి ఏడ్చింది.

“మీ పొరపాటేం లేదమ్మా, అంతా ఆ ఆసిడ్ చేసిందండి,” అన్నాడాయన జాలిగా. “అంత నాజూకు గాజును అది తినేస్తుందనే కదండీ, సీసాలకు సీసాలు తూములో పోసేసి, మా అమ్మాయి ఉప్పాడ పట్టుచీర ఉతుక్కునే కుంకుడుకాయ రసంతోనే ఐదేళ్లూ కడుక్కొచ్చాను.”