పలక పెచ్చు

బండి మళ్లీ ఆగిపోయింది. ఈసారి వీధి మలుపు కూడా దాటలేదు.

మెకానిక్ శివకృష్ణ ఇంజనుకు నిప్పురవ్వ అందించే పాయింట్ల మూత విప్పి, ఉప్పుకాగితం పెట్టి రుద్దడం మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

రుద్దితే స్టార్టవుతుంది. వేడెక్కిందంటే ఆగిపోతుంది. విప్పి చూస్తే పాయింట్లు మళ్లీ మాడి నల్లగా ఉంటాయి.

మార్కాపురంలో ఒక కిరాణా దుకాణం ముందు నలభై ఏళ్లకు పైగా నిలబడిన బుల్లెట్టు అది. దుకాణమూ బండీ నాగభూషణంగారివి. ఆయన పోయి రెండేళ్లయింది.

నడవని బండి అడ్డమెందుకని కొడుకు ఫణికృష్ణ దాన్ని పాత ఇనుము వాళ్లకు మాట్లాడేశాడు. మూడు గంటలకు ట్రాలీ ఆటో వస్తుంది.

తల్లి రామతులసమ్మ పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదు. నువ్వు నేలమీద పడింది ఈ బండి పుణ్యానే అని మళ్లీ చెప్పింది. నొప్పులొస్తుంటే ఆమె పుట్టిల్లు రాచర్ల నుంచి గిద్దలూరు ఆస్పత్రికి దాని మీదే పోయారట. ఫణికృష్ణకు ఆ కథ వినీ వినీ విసుగు పుట్టింది. సగంలోనే లేచిపోతాడు ఎప్పుడూ.

తల్లి పస్తు చూడలేక చివరికి ఒక మాటిచ్చాడు. మూడు లోపల స్టేషను దాకా ఆగకుండా పోయి వస్తే బండి ఉంటుంది. లేదంటే ట్రాలీ ఎక్కుతుంది.

ఆ పెద్దాయన వచ్చింది అప్పుడే. డెబ్బై ఏళ్లుంటాయేమో. మాసిన పంచె, భుజాన గుడ్డసంచి. నంబరు ప్లేటు కేసి చాలాసేపు చూశాడు. తర్వాత వంగి శివకృష్ణ చేతిలో పని చూశాడు.

"పాయింట్లను ఎందుకు నాయనా అట్ల అరగదీస్తావు? వాటి తప్పేముంది. కండెన్సర్ పోయింది, అందుకే అవి మాడతన్నాయి."

శివకృష్ణకు రోషం వచ్చింది. "అయితే నువ్వే తెచ్చి ఎయ్యి తాతా. ఈ బండిది ఈడ యాడా దొరకదు. ఒంగోల్లో అడిగితే వారం అంటన్నారు."

పెద్దాయన వెనక్కి తిరిగాడు. సందు మొగ దాకా నడిచి వెళ్లాడు. పావుగంటకు తిరిగొచ్చాడు. అరచేతిలో బొటనవేలంత రేకు గొట్టంలా కండెన్సర్, వేళ్లకు కొత్తగా అంటిన నల్లటి గ్రీజు.

ఎక్కడిదని అడిగితే, నాకాడ ఒకటి ఉందిలే అన్నాడు.

పాతది విప్పి, తెచ్చింది బిగించాడు. మొలతాడుకు కట్టుకున్న పలక పెచ్చొకటి విప్పి తీశాడు. గోరంత ఉంది, పోస్టుకార్డంత పలుచన, ఒక కొసన చిన్న బెజ్జం. దాన్ని పాయింట్ల మధ్య దూర్చి, కొంచెం కదిల్చి, ఆ సందు చూసుకుని స్క్రూ తిప్పాడు.

"అదేంది తాతా, బండికి పలకతో చదువు చెప్తావా?"

పలకల ఫ్యాక్టరీలో చేసే రోజుల్లో నున్నగా అరగదీసుకున్నానని చెప్పాడు పెద్దాయన. ఇన్నేళ్లలో ఒక్కసారీ కొలత తప్పలేదట.

ఒక్క కిక్కుకే బండి అందుకుంది.

శివకృష్ణ స్టేషను దాకా పోయి వచ్చాడు. వేడెక్కినా డుగడుగమని అదే వరస. గడియారంలో మూడుకు ఇంకా ఇరవై నిమిషాలుంది.

రామతులసమ్మ గబగబా మజ్జిగ కలిపి తెచ్చింది. పెద్దాయన గ్లాసు పట్టుకుని ఫణికృష్ణనే చూస్తున్నాడు.

"ఈయన మీ పెద్దబ్బాయా తల్లీ?"

"ఒక్కడే అన్నా."

"బాగా ఎదిగినాడు."

నలభై దాటినవాణ్ణి పట్టుకుని అదేం మాటో ఆమెకు అర్థం కాలేదు. పెద్దాయన నవ్వుతూ ఇంకేదో చెప్పబోయాడు.

"సంచి చూపించు," అన్నాడు ఫణికృష్ణ.

పెద్దాయన ఇందాక ఏదో కాగితంలో చుట్టి సంచిలో వేసుకోవడం చూశాడు మరి. బాగు చేస్తామని కూర్చుని పాత బండ్ల సామాన్లు కొట్టేసే వాళ్లున్నారని బజార్లో విని ఉన్నాడు.

సంచిలో ఒక తువ్వాలు, రెండు పానాలు, కాగితంలో ఈ బండి నుంచి విప్పిన రేకు గొట్టం.

"ఇదెందుకు ఏసుకున్నావు?"

"నమూనాకు నాయనా. అది పనికిరాదు."

"పనికిరాకపోతే మా దగ్గరే ఉంటది."

పెద్దాయన ఇచ్చేశాడు. చెప్పబోయిన మాట చెప్పలేదు. గ్లాసు కడిగి, మెట్టు మీద బోర్లించి, వెళ్లిపోయాడు. పలక పెచ్చు సీటు మీదే మర్చిపోయాడు.

ట్రాలీ వచ్చి ఖాళీగా తిరిగిపోయింది.

సాయంత్రం చక్కెరకు వచ్చిన ఆటో యల్లయ్య మాటల్లో మాటగా చెప్పాడు. ఎవరో ముసలాయన తర్లుపాడు రోడ్డులో బుల్లెట్టు తోసుకుంటూ పోతున్నాడట, అచ్చం ఇట్లాంటిదేనట. ఏమైంది పెద్దాయనా అంటే, చిన్న సామాను ఒకటి లేదులే అన్నాడట.

కూలి డబ్బుకు వచ్చిన శివకృష్ణ బల్ల మీది పాత రేకు గొట్టాన్ని చేతిలోకి తీసుకుని, మళ్లీ అక్కడే పెట్టేశాడు.

"అన్నా, ఆయన తన బండిది తీసి మనకేసినాడు."

ఫణికృష్ణ బండి తీశాడు. తర్లుపాడు దాకా ఎక్కడా ఆగలేదు అది. రోడ్డు మీద పెద్దాయన లేడు. ఏదో లారీ బండితో సహా ఎక్కించుకుని పోయిందని అక్కడివాళ్లు అన్నారు, ఎటో తెలియదన్నారు.

తిరిగొచ్చేసరికి రామతులసమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. ముందు నాగభూషణంగారి పానాల పెట్టె తెరిచి ఉంది. ఆమె అరచేతిలో రెండు పలక పెచ్చులు. రెండింటికీ అదే బెజ్జం, అదే నునుపు.

"ఒకటి ఆయన మర్చిపోయింది. ఇంకోటి మీ నాయన గుడ్డలో కట్టి దాచుకున్నది. బతికినన్నాళ్లూ గిద్దలూరు షెడ్లన్నీ తిరిగినాడు, ఇది ఇచ్చినాయన కోసం."

ఫణికృష్ణ బండి ఆపలేదు. అది డుగడుగమంటూనే ఉంది.

"నువ్వు కడుపులో ఉండి నేను నొప్పులు పడతంటే రాచర్ల దాటినాక బండి ఆగిపోయింది రా. ఎదురొచ్చినాయన తన బండిది విప్పి మనకు బిగించి, ఇది మీ నాయన చేతిలో పెట్టి, పేరన్నా చెప్పకుండా మిట్టమధ్యాన్నం ఎండలో తన బండి తోసుకుంటా పోయినాడు."