తాబేలు బొమ్మల సినిమా, ఐదో భాగం

"మూడో భాగంలనే తాబేలు సముద్రం జేరింది, కథ ఒడిసింది! మళ్ల ఐదోది ఎందుకు సాగదీసిండ్రు బాపూ?" అడాజన్‌లో సినిమాహాలు మెట్లు దిగుతూ సంధ్యారాణి అరిచింది.

మరమగ్గాల మీద పనిచేసే తండ్రి రాజలింగం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "మంచిగుంది బిడ్డా. ఆరోది గూడ తియ్యాలె."

"అండ్ల ఒక్క కొత్త మాటన్న ఉన్నదా?"

"మాటలు నాకేడ ఇనవడ్తయి? సాంచెల మోతకు చెవులు సగం వోయినయి. ఆ బొమ్మల మొకాలు జూస్తె మాత్రం అంత సమజైతది."

మరమగ్గాల వాళ్ల ఇళ్లలో అందరూ అరిచే మాట్లాడతారు. అందుకే ఆమెకు ఇన్నేళ్లూ తెలియలేదు.

"ఆరోది ఎప్పుడొస్తదట?"

"ఏమో," అంది సంధ్య, స్కూటీ వైపు తిరిగి.

ఆయన జవాబు కోసం ఇంకా చూస్తూనే ఉన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి, తన ముఖం ఆయనకు కనబడేలా నిలబడి, "వస్తది బాపూ," అంది.