ముందుకు జరిగిన సీటు

"తొందరగా కానియ్యక్కా. రెండో రౌండుకు ఇంక నలభై నిమిషాలే టైముంది," అంటూ తమ్ముడు కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరుగుతున్నాడు.

డ్రాగ్ రేసు మొదటి రౌండు గెలిచిన మరుక్షణమే అతను గోడకు గుద్దిన కారది. మెకానిక్కూ, జట్టులో రెండో డ్రైవరూ అయిన అక్క ముందు చక్రం ఎక్కిస్తోంది.

"నా ప్రాణం తియ్యకుండా ఆ నట్టు అందుకో."

అందించబోతే నట్టు జారి పడింది. మళ్లీ తీశాడు, మళ్లీ పడింది.

"గ్రీజు," అన్నాడు.

అక్క అతని శుభ్రమైన చేతుల్ని చూసింది. తనే వంగి నట్టు తీసుకుంది.

రెండో రౌండుకు పిలుపొచ్చింది. హెల్మెట్ పెట్టుకుని గబగబా కార్లోకి దూరాడు. మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకున్నాయి. సీటు నాలుగు వేళ్లు ముందుకుంది. అది పొట్టిగా ఉండే అక్క కొలత.

"సీటెందుకు మార్చావు?"

"నీకు కావాలంటే వెనక్కి జరుపుకో. రెండు బోల్టులే," అంటూ అక్క రెంచీ చాపింది.

అతను రెంచీ అందుకోలేదు. మెల్లగా దిగి, హెల్మెట్ తీసి అక్క తలకు పెట్టాడు.

"పట్టీ నువ్వే బిగించుకో," అన్నాడు. "నా చేతులు వణుకుతున్నాయి."