కుట్టేసిన పేజీలు

"రెండు చీరలు చాలు అవ్వా. ఆడ గౌను వాళ్ళే ఇస్తారు," అనింది పద్మజ, మంచం మీద గోడకానుకొని.

నాగమ్మ వినలేదు. మూడో చీర కూడా మడిచి బ్యాగులో పెట్టింది. దాని మీద దువ్వెన, విబూది పొట్లం, స్కానింగుల ఫైలు. అన్నిటికన్నా పైన, చేతికందేటట్లు, నీలి అట్ట పుస్తకం. 'పొగకోన' నవలల్లో ఏడోది, ఆఖరిది.

ఆ పుస్తకంలో చివరి ఇరవై పేజీలు తెరుచుకోవు. మగ్గానికి తెచ్చిన ఎర్ర పట్టుదారంతో మనవరాలు వాటిని చుట్టూ కుట్టేసింది.

"విప్పే. పోయేముందు ఒక్కసారి చూసుకుంటా."

"కుదర్దు. ఇంటికొచ్చినాంక ఇద్దరం కలిసి విప్పుదాం."

"నువ్వు చదివినావా నిజంగా?"

"చదవకుండానే కుడతానా?"

నాగమ్మది బడికి పోయి నేర్చుకున్న చదువు కాదు. నలభై ఏళ్ళు దాటినాక, జరీ చుట్టి వచ్చే పాత పేపర్ల మీద కూడబలుక్కుంటూ తనకు తానే నేర్చుకుంది. ఏ పుస్తకం చేతికొచ్చినా మొదట చివరి పేజీ చదివేది. మొగుడు చీరల మూటతో సూరత్ రైలెక్కిన రోజు, కూతురు కాన్పుకని ఆటో ఎక్కిన రోజు, ఎట్ల ముగుస్తుందో ముందే తెలిసుంటే ఇంకొంచెంసేపు చెయ్యి పట్టుకొని ఉండేది కదా అని ఆమె బాధ. పుస్తకాల్లోనైనా ఎవరు మిగులుతారో ముందే తెలియాలి.

పొగకోనలో ఎగిరే గుర్రాలు, మంత్రాలు చాలా ఉన్నాయి గానీ అవేవీ ఆమెకు పట్టలేదు. ఆమెకు గండమ్మ కావాలి. కోన వాకిలి కాచే కుంటి ముసల్ది, అందరినీ తిట్టి అందరికీ అన్నం పెడుతుంది. పద్మజకేమో రివటి కావాలి. దొంగతనాలు చేసే పదహారేళ్ళ పిల్ల, ఎవరి మాటా వినదు. మూడేళ్ళుగా వారానికి రెండుసార్లు అనంతపురం ఆసుపత్రికి పోయే బస్సులో, ఆడ గంటలకొద్దీ గడపాల్సి వచ్చినప్పుడూ, అవ్వా మనవరాలూ ఒకరికొకరు చదువుకుంటూ ఆరు భాగాలు ముగించారు. ఆరోదాని చివర గండమ్మా రివటీ కలిసి నిప్పుల గుహలోకి పోయారు. ఆ గుహ లోపలికి ఎందరు పోయినా ఒక్కరినే బయటికి వదులుతుంది.

ధర్మవరంలో పొద్దున రైలెక్కారు. పెనుకొండలో అరటిపండ్ల బుట్టతో ఒకామె ఎక్కి ఎదురుగా కూర్చుంది. పేరు హనుమక్క అని అడక్కముందే చెప్పింది.

"యాడికి పోతాండారు?"

"బెంగళూరుకు. ఆపరేషను."

"ఎవరికమ్మా?"

"నాకే," అని నాగమ్మ నడుము పక్కన చెయ్యి పెట్టి చూపించింది. "ఈడ కోస్తారంట."

హనుమక్క పద్మజను ఎగాదిగా చూసింది. "ఏం పాపా, కోతకు పోయే ముసల్దానితో బ్యాగు మోయిస్తివే. నీ చేతులేమన్నా అరిగిపోతాయా?"

"ఎవర్నీ ముట్టనియ్యదు పెద్దమ్మా. అందులో బంగారుండాది," అని పద్మజ పొడుగు చేతుల రవికను మణికట్టు దాకా లాక్కుంది.

"ఉండేది మూడు చీరలు. దీని మాటలు నమ్మొద్దు," అనింది నాగమ్మ.

హనుమక్క బుట్టలోంచి రెండు పండ్లు తీసి ఇచ్చింది. నాగమ్మ రెండూ తన ఒళ్ళోనే పెట్టుకుంది.

"పిల్లకియ్యవా?"

"దానికి పడవు."

"రెండూ నువ్వే తింటావా? ఇట్ల తినేదానికి ఏం రోగముంటుంది, పో."

పద్మజ పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి ఆయాసం వచ్చి, సీసా మూతలో నీళ్ళు పోసుకుని ఒక్క గుక్క తాగింది.

హిందూపురంలో దిగేటప్పుడు హనుమక్క నాగమ్మ భుజం తట్టింది. "ఏం కాదులేమ్మా. మా ఊర్లో మారక్కకు ఇంతకన్నా పెద్ద కోత కోసినారు. ఇప్పుడు గడ్డి మోపులు మోస్తాంది."

రైలు కదిలింది. ఎదురు సీటు ఖాళీ అయ్యేసరికి నాగమ్మ దాచుకున్న భయమంతా బయటపెట్టింది.

"పాపా, నన్నే ముందు లోపలికి తీసకపోతారంట. మత్తిచ్చినాంక ఇంగ నాకేమీ తెలీదు. తెలుసుకోకుండా ఆ బల్లెక్కలేను. చెప్పు."

పద్మజ కిటికీలోంచి చూస్తూ ఉంది.

"గండమ్మ పోతే పోనీలే, దానికి వయసైంది. రివటి బయటికొస్తుందా?"

"నువ్వెప్పుడు రివటి పార్టీ అయితివి?"

"ఇప్పుడే. చెప్పు."

పిల్ల బ్యాగులోని పుస్తకం ఎర్ర దారాన్ని వేలితో తడిమింది. తర్వాత అవ్వ వైపు తిరిగింది.

"ఇద్దరూ వస్తారు."

"అదెట్ల? గుహ ఒకర్నే కదా వదిలేది?"

"గండమ్మ తిట్టే తిట్లకు గుహే జడుసుకుంటుంది. ఇద్దర్నీ తీసకపోండి, నా చెవులు పోతాండాయి అంటుంది."

వారం రోజులుగా నవ్వని నాగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఒట్టేయ్."

పద్మజ అవ్వ అరచేతిలో చెయ్యి వేసింది. నాగమ్మ ఆ చేతిని వదల్లేదు. రెండో చేత్తో అరటిపండు వలిచి తినింది. అట్లే కిటికీకి తల ఆనించి, ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయింది.

కిడ్నీ ఇచ్చిన నాగమ్మ ఏప్రిల్ తొమ్మిదిన తిరిగొచ్చింది, తీసుకున్న పద్మజ రాలేదు.